ఓడినవాడు ఇంటికి రావచ్చా?

నెల్లూరు జిల్లాలో బడి మెట్టెక్కిన ఎవరినడిగినా ఖడ్గతిక్కన కథ చెబుతారు. 13వ శతాబ్దం. విక్రమసింహపురిని, అంటే నేటి నెల్లూరును, మనుమసిద్ధి ఏలుతున్నాడు. వానల్లేక, మేత లేక, ఆలమందలను తోలుకుని యాదవుల దొర కాటమరాజు ఈ సీమకు వచ్చాడు. మేపుకున్నందుకు పుల్లరి కడతానన్నాడు. ఒప్పందం చెడింది, పుల్లరి ఆగింది, మాటా మాటా పెరిగి కత్తుల దాకా పోయింది. మనుమసిద్ధి తరఫున సేనను నడిపినవాడు తిక్కన. భారతం రాసిన తిక్కన సోమయాజికి అన్నదమ్ముల వరస. ఒకే ఇంట్లో ఇద్దరు తిక్కనలుండేసరికి లోకం ఒకరిని కవితిక్కన అంది, ఒకరిని ఖడ్గతిక్కన అంది.

మొదటి పోరులో ఖడ్గతిక్కన ఓడి ఇల్లు చేరాడు. స్నానానికి నీళ్ళు తోడిన భార్య చానమ్మ మంచం అడ్డంపెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచింది. ఇదేమిటని అడిగితే, ఇంట్లో ఇప్పుడు ముగ్గురం ఆడవాళ్ళమయ్యాం కదా అంది. అన్నానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. నువ్వు విరిగి వస్తే పాలు కూడా విరిగాయన్నది. తిక్కన లేచి మళ్ళీ యుద్ధానికి పోయాడు. ఈసారి తిరిగి రాలేదు.

ఈ కథను మేం గర్వంగా చెప్పుకుంటాం. నేనూ చెప్పాను. ఉద్యోగమంతా కావలికి తూర్పున సముద్రం పక్క ఊళ్ళలోనే డ్రిల్లు మాస్టారుగా గడిపినవాణ్ణి. బడుల మధ్య జరిగే గ్రిగ్స్ ఆటలకు పిల్లల్ని తీసుకుపోయే ముందు వాళ్ళకు ఉడుకు పుట్టించడానికి ఇంతకంటే పనికొచ్చే కథ లేదు. ఒక ఏడు ఖోఖోలో ఓడి వస్తుంటే, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఊరి మలుపులో ఆటో దిగనని మొండికేసింది. "దిగవేందమ్మా?" అంటే, "ఓడిపోయినోళ్ళు ఇంటికి పోకూడదు గదా సార్. మీరేగా చెప్పింది?" అంది.

బడిలో ఆటల గురించి అడిగిన ప్రశ్న కాదు అది. ధర్మం గురించి అడిగిన ప్రశ్న. ఓటమి పాపమా? ఓడినవాడు ఎవరికైనా క్షమాపణ బాకీ ఉంటాడా? ఓడి బతికి ఇంటికి రావడానికి ధర్మశాస్త్రం ఒప్పుతుందా, లేక చానమ్మ పెట్టిన పసుపు ముద్దే ధర్మమా? నా జవాబు ముందే చెబుతాను: ఓడినవాడు ఇంటికి రావచ్చు. రావాలి. తగిలిన దెబ్బ తగల్లేదని అబద్ధమాడినవాడే దోషి. ఈ మాట నాకు శాస్త్రాల్లో కంటే ముందు కత్తిసాములో కనిపించింది.

మన తెలుగువాళ్ళ బిడ్డ ఒకతి ఈ కాలంలో కత్తి పట్టింది. చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీదేవి. పేపర్లవాళ్ళకు సి.ఎ. భవానీదేవి. వాళ్ళ నాన్న అప్పటి తూర్పు గోదావరి జిల్లా సామర్లకోట వైపు నుంచి మద్రాసు చేరిన పూజారి. 1993 ఆగస్టు 27న ఆ అమ్మాయి మద్రాసులోనే పుట్టింది. బడిలో పిల్లలకు ఆటలు పంచుతుంటే, ఈమె వంతు వచ్చేసరికి మిగతావి నిండిపోయి ఫెన్సింగ్‌లో చోటు మిగిలింది. అసలు కత్తులు ఖరీదు గనక మొదట్లో వెదురు కర్రలతో నేర్చుకుంది. తల్లి నగలు కుదువపెట్టి పోటీలకు పంపింది. తర్వాత కేరళలోని తలశ్శేరి సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో, ఆ తర్వాత ఇటలీలో సాధన. ఆమెది సేబర్. ఫెన్సింగ్‌లో మూడు రకాల కత్తులుంటే, మొనతోనే కాక అంచుతో కూడా కొట్టదగ్గది ఇదొక్కటే. నడుముకు పైన తగిలితేనే దెబ్బ. కళ్ళు మూసి తెరిచేలోగా పాయింటు అయిపోతుంది.

పద్నాలుగేళ్ళ వయసులో మొదటిసారి దేశం దాటి తుర్కియే పోయింది. పోటీకి మూడు నిమిషాలు ఆలస్యమైందని నల్లకార్డు చూపారు. ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒక్క దెబ్బ తినకుండా బయటికి. ఆ పిల్ల అక్కడే ఆగిపోయి ఉంటే మనకు పేరు కూడా తెలిసేది కాదు. 2016లో రియో ఒలింపిక్స్‌కు అర్హత దొరకలేదు. 2018లో కాన్‌బెర్రాలో జరిగిన కామన్వెల్త్ ఫెన్సింగ్ పోటీల్లో బంగారు పతకం కొట్టింది. 2019లో తండ్రి పోయాడు. 2021లో టోక్యోకు అర్హత సాధించి, ఒలింపిక్స్‌లో కత్తి పట్టిన మొదటి భారతీయురాలయింది. స్త్రీలలోనే కాదు, మగవాళ్ళలోనూ అంతకుముందు ఎవరూ లేరు.

2021 జులై 26. మొదటి ఆట ట్యునీషియా అమ్మాయి నాదియా బెన్ అజీజీతో, 15-3తో గెలిచింది. రెండో ఆట ఫ్రాన్స్‌కు చెందిన మానొన్ బ్రూనేతో. అప్పటికి లోకంలో మొదటి వరసలో ఉన్న ఆటగత్తె. మన అమ్మాయి 7-15తో ఓడింది. ఆ రోజే భవానీదేవి దేశానికి క్షమాపణ చెబుతూ నాలుగు మాటలు రాసింది. చేయగలిగినంతా చేశాను, గెలవలేకపోయాను, మన్నించండి అని.

ఆ మాట చదివి కదిలిపోయినవాళ్ళు చాలామంది. నాకు మాత్రం ఆటో దిగనన్న పిల్ల గుర్తొచ్చింది. దేనికి క్షమాపణ? ఎవరి సొమ్ము దొంగిలించింది? ఎవరిని మోసం చేసింది? సముద్రాలవతల ఇరవై ఏడేళ్ళ పిల్ల, నూట ముప్పై కోట్లకు పైగా మందిలో ఇంతకుముందు ఎవరూ నిలబడని చోట నిలబడి, తన కంటే మెరుగైన కత్తి చేతిలో ఓడి, తప్పు చేసినదానిలా తల వంచింది. అందులో వినయం ఉంది, కాదనను. కానీ ఆ వినయం కింద చానమ్మ మంచం ఉంది, ప్రోలమ్మ పాలున్నాయి. ఓడిన బిడ్డకు ఇంటి గడప ఎక్కడానికి అర్హత లేదని ఏడు వందల ఏళ్ళకు పైగా కథల్లో చెప్పుకుంటున్నాం. ఎవరూ అడగకుండానే పిల్లలు క్షమాపణ చెప్పేస్తున్నారు.

ఇప్పుడు ఆ ఆట నియమాలు చూడండి. పద్నాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్లకు మించని వెడల్పు ఉన్న పట్టీ మీద ఇద్దరు నిలబడతారు. ముసుగు తొడిగే ముందు ఇద్దరూ కత్తి పైకెత్తి ఎదుటివారికి నమస్కరించాలి. న్యాయనిర్ణేతకు, చూసేవాళ్ళకు నమస్కరించాలి. ఆట అయ్యాక మళ్ళీ నమస్కారం. ఇది మర్యాద కోసం ఎవరికి వారు పాటించేది కాదు. చేయకపోతే శిక్ష ఉంది. నేను నియమాలు చదివి అక్కడే ఆగిపోయాను. ఫెన్సింగ్‌లో నల్లకార్డు ఓడినందుకు చూపరు. ఆలస్యంగా వచ్చినందుకు చూపుతారు, నమస్కారం ఎగ్గొట్టినందుకు చూపుతారు. వేళకు రాకపోవడం, ఎదుటివాణ్ణి మనిషిగా గుర్తించకపోవడం దోషాలు. ఓడటం దోషం కాదు, అది లెక్కలో ఒక అంకె.

మా చిన్నప్పుడు పీర్ల పండక్కి కర్రసాము నేర్పిన ఉస్తాదు ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర మొదటి పాఠం కర్ర తిప్పడం కాదు. వంగి నేలను ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి, తర్వాత ఎదురుగా నిలబడ్డవాడికి సలాం చెప్పాలి. రెండో పాఠం ఇంకా కష్టం. ఎదుటివాడి కర్ర మన ఒంటికి తగిలితే, చూసేవాళ్ళెవరూ గమనించకపోయినా, "తగిలింది" అని మనమే చెప్పాలి. చెప్పనివాణ్ణి ఆయన కొట్టేవాడు కాదు, ఆట నుంచి తప్పించేవాడు. "దెబ్బ తింటే నొప్పి ఒక రోజు, దాచుకుంటే బతుకంతా" అనేవాడు. ఆ పాఠాన్ని ఆయన మతం పేరు చెప్పి నేర్పలేదు. కానీ నాకు తెలిసిన మతమంతా అందులోనే ఉంది.

ఆయన మాట ఒక్క నెల్లూరు తీరానిదే అనుకునేవాణ్ణి. దూరదేశంలోనూ అదే ఉంది. 1918లో పోలెండ్ స్వతంత్ర దేశమయింది. ఆ మరుసటి ఏడే అక్కడ బొజీవిచ్ అనే ఆయన ద్వంద్వయుద్ధ నియమాలతో ఒక పుస్తకం అచ్చువేశాడు. పరువుకు భంగం కలిగితే ఎవరిని సవాలు చేయవచ్చు, సాక్షులెవరు, కత్తా తుపాకా, ఎంత రక్తం చిందితే పరువు నిలిచినట్టు, ఇవన్నీ అందులో ఉన్నాయి. సరిగ్గా అదే కాలంలో అదే దేశపు కుర్రాళ్ళు అదే సేబర్ పట్టుకుని ఆటల పోటీలకు బయల్దేరారు. వాళ్ళలో ముఖ్యుడు ఆడమ్ పాపే. 1895లో ల్వూఫ్ పట్నంలో పుట్టాడు. 1924 నుంచి 1936 దాకా వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో కత్తి పట్టాడు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, 1932లో లాస్ ఏంజెలెస్‌లో పోలెండ్ సేబర్ జట్టుతో కాంస్య పతకాలు తెచ్చాడు. 1990 దాకా బతికాడు.

పాపే మొదటిసారి పాల్గొన్న 1924 పారిస్ పోటీల్లోనే సేబర్ ఆటలో రచ్చ జరిగింది. ఇటలీ ఆటగాడు ఓరెస్తే పులీతీకి, హంగరీకి చెందిన న్యాయనిర్ణేత కోవాచ్‌కు మాటలు మించాయి. కొన్ని నెలల తర్వాత ఇద్దరూ సరిహద్దు దగ్గర కలుసుకుని నిజమైన కత్తులతో, నిజంగానే పొడుచుకున్నారు. గంటసేపు కొట్టుకుని, ఇద్దరికీ రక్తాలు కారాక, చూస్తున్నవాళ్ళు విడదీస్తే చేతులు కలిపి పోయారు. పరువు అనే దేవతకు రక్తం నైవేద్యం కావాలని నమ్మే మతం ఒకటి, అదే కత్తితో అదే కాలంలో నమస్కారం చేసి ఆడుకునే మతం ఒకటి. ఖడ్గతిక్కన చచ్చింది మొదటి మతానికి. పాపే తొంభై ఏళ్ళు దాటి బతికింది రెండోదాని పుణ్యాన అని నేననను. రెండు ప్రపంచ యుద్ధాలు ఆయన మీదుగా పోయాయి, అదృష్టం ఎంతో ఉంటుంది. కానీ ఏ మతంలో మనిషికి ఇంటికి తిరిగి వచ్చే దారి ఉందో మాత్రం స్పష్టమే.

ఇంకో సంగతి. పాపే కాలంలో సేబర్‌కు కరెంటు యంత్రం లేదు. ఇప్పుడు దెబ్బ తగలగానే దీపం వెలుగుతుంది. ఒలింపిక్స్‌లో ఈ ఏర్పాటు ఎపే అనే ఇంకో రకం కత్తికి 1936లో వస్తే, సేబర్‌కు 1992లో గానీ రాలేదు. అంతవరకు నలుగురు పక్కన నిలబడి కళ్ళతో చూసి చెప్పాలి. ఆ వేగంలో కళ్ళెంత చూస్తాయి? అందుకే దెబ్బ తిన్నవాడే "తగిలింది" అని ఒప్పుకోవడం మంచి ఆటగాడి గుర్తుగా ఉండేది. తన ఓటమికి తానే సాక్ష్యం చెప్పాలి. సత్యవ్రతం అంటే హరిశ్చంద్రుడిలా రాజ్యం వదులుకోవడమే కానక్కర్లేదు. లోకానికి కనపడని దెబ్బను తన నోటితో చెప్పడం కూడా. యంత్రం వచ్చాక న్యాయం పెరిగింది, నిజమే. ఆ సాక్ష్యం చెప్పే అవకాశం మాత్రం మనిషి చేతిలోంచి కొంత జారిపోయింది.

ఇక భారతం. ఖడ్గతిక్కన ఇంట్లోనే ఉన్న రెండో తిక్కన దగ్గరికి పోదాం. విరాటపర్వం మొదలుకొని చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేశాడాయన. పెన్న ఒడ్డున రంగనాయకస్వామి గుడి దగ్గర కూర్చుని రాశాడని మావాళ్ళ నమ్మకం. ఆ పదిహేనింటిలో భీష్మపర్వం ఉంది. కురుక్షేత్రంలో రెండు సేనలు ఎదురెదురుగా నిలబడ్డాక ధర్మరాజు కవచం విప్పి, ఆయుధాలు వదిలి, కాలినడకన శత్రువుల వైపు నడుస్తాడు. తమ్ముళ్ళు కంగారుపడతారు. కౌరవ సైనికులు భయపడ్డాడని నవ్వుతారు. ఆయన మాత్రం పోయి భీష్ముడికి, ద్రోణుడికి, కృపుడికి, శల్యుడికి మొక్కి, యుద్ధం చేయడానికి అనుమతి, ఆశీస్సు అడుగుతాడు. వాళ్ళు ఇస్తారు. ముసుగు తొడిగే ముందు కత్తి ఎత్తి చేసే నమస్కారం అదే కదా. నిన్ను కొట్టడానికే వచ్చాను, కానీ నిన్ను ద్వేషించడానికి రాలేదు అని.

ఆ పదిహేనింటిలోనే కర్ణపర్వం ఉంది. మా ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది. కర్ణుడి చేతిలో దెబ్బలు తిని ధర్మరాజు యుద్ధం వదిలి శిబిరానికి వచ్చేస్తాడు. ఓడి ఇల్లు చేరాడన్నమాట, మన తిక్కనలాగే. అన్న ఎలా ఉన్నాడో చూద్దామని కృష్ణార్జునులు వస్తారు. కర్ణుణ్ణి చంపి వచ్చారేమోనని ధర్మరాజు సంబరపడతాడు. ఇంకా చంపలేదని తెలిసి నోరు జారతాడు. నీకు గాండీవం ఎందుకు, ఇంకెవరికైనా ఇచ్చేయమంటాడు. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఎప్పటి నుంచో ప్రతిజ్ఞ ఉంది. విల్లు కాదు, కత్తి దూస్తాడు, అన్న మీదికి.

కృష్ణుడు చేయి పట్టి ఆపుతాడు. ప్రతిజ్ఞ నిలుపుకోవడం ధర్మమని ఎవరు చెప్పారు నీకు అని అడుగుతాడు. కౌశికుడనే మునిని గుర్తు చేస్తాడు. ఎప్పుడూ నిజమే చెబుతానని ఒట్టు పెట్టుకున్న ఆ ముని, ప్రాణభయంతో పారిపోయి దాక్కున్నవాళ్ళు ఏ వైపు పోయారని దొంగలు అడిగితే చూపించాడు. దొంగలు వాళ్ళను చంపారు. నిజం చెప్పిన ముని నరకానికి పోయాడు. మాట నిలబెట్టుకోవడం కోసం మనిషిని బలిపెట్టేది ధర్మం కాదని తేల్చి, కృష్ణుడు అర్జునుడికి ఒక ఉపాయం చెబుతాడు. పెద్దవాణ్ణి నోటితో తూలనాడితే చంపినట్టే, అలా అని ప్రతిజ్ఞ తీర్చుకో అంటాడు. అర్జునుడు అన్నను నాలుగు మాటలంటాడు. తర్వాత సిగ్గుపడి తన తలే నరుక్కోబోతే, ఆత్మస్తుతి చేసుకుంటే చచ్చినట్టే అని దాన్నీ ఆపుతాడు. ఆ గుడారంలో ముగ్గురూ బతికారు. ఓడి వచ్చిన ధర్మరాజూ బతికాడు.

ఇప్పుడు చెప్పండి. ఒక తిక్కన ఇంట్లో ఓడినవాణ్ణి మాటలతో చంపారు. అదే వంశంలో ఇంకో తిక్కన, ఓడినవాణ్ణి మాటలతోనే బతికించిన కథను తెలుగువాళ్ళకు ఇచ్చాడు. నా దృష్టిలో నెల్లూరు మొత్తానికి గర్వకారణం రెండోది.

గీత చదివినవాళ్ళు నన్ను ఇక్కడ నిలదీస్తారు. రెండో అధ్యాయంలో కృష్ణుడే కదా, మానవంతుడికి అపకీర్తి చావు కంటే ఘోరమని అర్జునుణ్ణి పొడిచింది? యుద్ధం వదిలిపోతే శత్రువులు నవ్వుతారని భయపెట్టింది? నిజమే. చానమ్మ మాటకు అక్కడ ఆధారం ఉంది. కానీ అక్కడే పుస్తకం మూసేయకూడదు. నాలుగు శ్లోకాలు దాటేసరికి ఆయనే సుఖదుఃఖాలను, లాభనష్టాలను, జయాపజయాలను ఒక్కటిగా ఎంచి యుద్ధం చెయ్యమంటాడు. మొదటిది కూర్చున్నవాణ్ణి లేపడానికి అన్న మాట, రెండోది లేచినవాడు ఎలా నిలబడాలో చెప్పిన మాట. పరువు పోతుందన్న భయం మనిషిని గడప దాటించడానికి పనికొస్తుందేమో, గడప అవతల మాత్రం దానికి పనిలేదు. ఇంకో తేడా కూడా ఉంది. అర్జునుడు ఇంకా పోరాడనివాడు. తిక్కన పోరాడి ఓడినవాడు. పోరాడనివాడికి చెప్పిన మందు పోరాడి వచ్చినవాడి నోట్లో పోస్తే విషమవుతుంది.

చానమ్మను, ప్రోలమ్మను దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ కాలంలో సేనాని ఓడితే నష్టపోయేది అతనొక్కడే కాదు. ఊరు, మంద, ఇంటి ఆడవాళ్ళ మానం అన్నీ అతని కత్తి మీదే. రాజ్యంలో మగవాళ్ళ పరువును కొలిచే తూనికరాయిని ఆడవాళ్ళ చేతిలో పెట్టి, కొలవకపోతే వాళ్ళనే తప్పుపట్టిన లోకం అది. తూకం సరిగ్గా వేశారని పొగిడాం, అంతే. చివరికి ఆ ఇంట్లో మిగిలింది ఎవరు? మొగుడు లేని చానమ్మ, కొడుకు లేని ప్రోలమ్మ. కథ అక్కడిదాకా చెప్పేవాళ్ళు తక్కువ. శవం వచ్చిన రాత్రి ఆ ఇంట్లో పాల సంగతి ఎవరు పట్టించుకున్నారో ఏ కథకుడూ చెప్పడు.

ఇంకో మాట. ఖడ్గతిక్కన పేరు ఇంతకాలం నిలిచింది నెల్లూరు రాజుల పుణ్యం కాదు. కాటమరాజు కథను యాదవుల ఇళ్ళ ముందు పాడుతూ వచ్చిన కొమ్మువాళ్ళ గొంతుల్లో అతని యుద్ధం బతికింది. అంటే ఎదుటి పక్షం పాటలో. ఎవడితో కొట్లాడి చచ్చాడో వాడి మనుషులే అతని పేరు దాచిపెట్టారు. ఎదుటివాడికి చేసే నమస్కారం ఎందుకో ఇంతకంటే వివరించలేను.

ఆట వేరు, యుద్ధం వేరు కదా అంటారు. వేరే. 2023 జులైలో మిలాన్‌లో ప్రపంచ పోటీలు. ఉక్రెయిన్ సేబర్ ఆటగత్తె ఓల్గా ఖర్లాన్ రష్యా అమ్మాయి అన్నా స్మిర్నోవాను 15-7తో ఓడించింది. చేయి కలపలేదు. తన కత్తి ముందుకు చాచి, కత్తికి కత్తి ఆనించు చాలు అన్నట్టు నిలబడింది. ఆమె ఊళ్ళ మీద బాంబులు పడుతున్నాయి. నియమం ప్రకారం నల్లకార్డు చూపి పోటీ నుంచి తప్పించారు. తర్వాత ఒలింపిక్ సంఘం ఆమెకు పారిస్‌లో చోటిచ్చింది, చేయి కలపాలన్న నియమాన్నీ సడలించారు. 2024లో అక్కడ ఆమె కాంస్యం, జట్టుతో బంగారం తీసుకుంది. నేను ఎవరి పక్షం? ఖర్లాన్ పక్షమే. అబద్ధపు చేయి కలపడం కంటే నిజమైన కత్తి మర్యాద గొప్పది. ఆమె నమస్కారాన్ని వదిలేయలేదు, తన మనసు ఒప్పుకున్నంత దూరం నుంచి చేసింది. యుద్ధం మధ్యలో కూడా మనిషి అంతవరకు చేయగలడని తెలిసింది. మరి యుద్ధం లేని మన ఇళ్ళలో ఓడిన బిడ్డకు అంతమాత్రం మర్యాద ఇవ్వలేమా?

నేను పనిచేసిన ఊళ్ళలో పిల్లల అయ్యలు తెల్లవారకముందే పడవ దించేవాళ్ళు. ఖాళీ వలతో ఒడ్డుకు వస్తే ఆ ఇంటి ఆడవాళ్ళు పసుపు ముద్ద పెట్టడం నేను చూడలేదు. వాయుగుండం పట్టిందని వల కోసుకుని వచ్చినవాణ్ణి పిరికివాడనడం వినలేదు. తిరిగి వచ్చినవాడే రేపు మళ్ళీ పోతాడని సముద్రం పక్క పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చేపకు పోయినవాడి విషయంలో ఇంత తెలిసినవాళ్ళం, పరీక్షకు పోయిన పిల్ల విషయంలో, పందేనికి పోయిన పిల్లవాడి విషయంలో ఎందుకు మర్చిపోతున్నామో నాకు అంతుబట్టదు.

నెల్లూరులో బారాషహీద్ దర్గా ఉంది. యుద్ధంలో నేలకొరిగిన పన్నెండు మంది వీరుల సమాధులని చెబుతారు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె. కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడు వచ్చి ఇస్తారు, తీరాలనుకున్నవాళ్ళు అందుకుంటారు. ఆ వీరులు గెలిచారా ఓడారా అని అక్కడ ఎవరూ అడగరు. కత్తి పట్టినవాళ్ళ పేరు మీద ఊరు ఒకరికొకరు అన్నం పెట్టుకుంటోంది. పరువు కోసం చచ్చినవాళ్ళను తలుచుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన పద్ధతి నేనెరగను.

భవానీదేవి సంగతి ముగిస్తాను. టోక్యోలో ఓడిన కత్తిని ఆమె ప్రధానమంత్రికి కానుకగా ఇస్తే, అదే ఏడు వేలంలో కోటి రూపాయల పైనే పలికింది. 2023 జూన్‌లో చైనాలోని వుషీలో జరిగిన ఆసియా పోటీల్లో జపాన్‌కు చెందిన ప్రపంచ విజేత మిసాకి ఎమురాను 15-10తో ఓడించింది. సెమీస్‌లో ఉజ్బెకిస్తాన్ అమ్మాయి చేతిలో ఒక్క పాయింటుతో, 14-15తో ఓడి కాంస్యం తీసుకుంది. ఆ పోటీల్లో మన దేశానికి అది మొదటి పతకం. చూశారా, ఓడి వచ్చినా తర్వాత గెలిచింది కదా అని ఊరడించడానికి ఇది చెప్పడం లేదు. ఆ కాంస్యం రాకపోయినా నా మాట మారదు. రేపు గెలుస్తాడు గనక ఈరోజు ఓడినవాణ్ణి క్షమించాలన్నది ధర్మం కాదు, వడ్డీ వ్యాపారం. ఓడినవాడిలో క్షమించడానికి తప్పే లేదన్నది నా మాట.

కాబట్టి పెద్దలకు, తోటి మాస్టర్లకు ఒక విన్నపం. ఖడ్గతిక్కన కథ పిల్లలకు చెప్పండి, మానొద్దు. అతను మనవాడు, వీరుడు. కానీ చెప్పిన రోజే కర్ణపర్వంలో శిబిరం కథ కూడా చెప్పండి, ఒక తిక్కన పక్కన ఇంకో తిక్కనను నిలబెట్టండి. మీ పిల్ల ఆట నుంచి, పరీక్ష నుంచి ఇంటికి వచ్చినప్పుడు మూడే అడగండి: వేళకు పోయావా, ఎదుటివాళ్ళకు నమస్కారం పెట్టావా, తగిలిన దెబ్బను తగిలిందని ఒప్పుకున్నావా? ఆ మూడింటికీ అవునంటే కాళ్ళకు నీళ్ళిచ్చి అన్నం పెట్టండి. అంకె ఎంతో తర్వాత తెలుసుకోవచ్చు.